రోటేటర్ చూపించే దిక్కూ, యాంటెన్నా చూసే దిక్కూ ఒకటయ్యేదాకా: నా అనుభవం

హామ్ రేడియోలో (లైసెన్స్ తీసుకుని సరదాకి నడిపే రేడియో) శాటిలైట్ల కోసం మేడ మీద అజిముత్-ఎలివేషన్ రోటేటర్, అంటే యాంటెన్నాని చుట్టూ (అజిముత్), పైకీ కిందకీ (ఎలివేషన్) తిప్పే మోటార్, పెట్టుకుందాం అనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. 2025 జూన్ చివర్లో రోటేటర్ కొన్నాను, ఇప్పుడు బాగుంది అని గట్టిగా చెప్పగలిగింది నవంబర్‌లో. మధ్యలో ఏం జరిగిందో వరసగా చెప్తాను గానీ ముందు ఒక్క మాట. యాంటెన్నా తప్పు దిక్కు చూస్తోంది అనిపించగానే క్యాలిబ్రేషన్ (చూపించే అంకెని అసలు దిక్కుతో సరిచెయ్యడం) మొదలుపెట్టకండి, ఆ తేడా ఎలాంటిదో ముందు చూడండి. దిక్కు చూపించే మీటర్ ముల్లు ఒకచోట నిలబడకుండా ఎగురుతోందా, ఎటు తిప్పినా అన్నే డిగ్రీల తేడా వస్తోందా, లేక తిప్పేకొద్దీ తేడా పెరుగుతూ పోతోందా. ఎగురుతోంటే వైర్లలో వెతకాలి, ఒకేలా ఉంటే పైపూ క్లాంపుల దగ్గర వెతకాలి, పెరుగుతోంటే వోల్టుల్లో వెతకాలి. నాకు ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

నేను ఉండేది హైదరాబాద్ కుషాయిగూడలో. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ సీ6 మీద వెళ్ళిన మన హామ్‌శాట్, అదే వీవో-52, అది పనిచేసినన్నాళ్ళూ (2014 దాకా నడిచింది) చేత్తో పట్టుకున్న యాగీ యాంటెన్నాతోనే మేడ మీద నిలబడి వినేవాణ్ణి. ఎఫ్ఎం శాటిలైట్లకి చెయ్యి సరిపోతుంది, ఇప్పటికీ కొత్తవాళ్ళకి నేను అదే చెప్తా. కానీ ఆర్ఎస్-44 లాంటి లీనియర్ శాటిలైట్ (ఒకేసారి చాలామంది మాట్లాడుకోగలిగేది) మీద ఇరవై నిమిషాల పాస్, అంటే అది మన ఆకాశం దాటే సమయం, నడుస్తుంటే ఒక చేత్తో యాంటెన్నా, ఇంకో చేత్తో డాప్లర్‌కి (శాటిలైట్ వేగం వల్ల జరిగే ఫ్రీక్వెన్సీకి) నాబ్, మధ్యలో ఎస్ఎస్‌బీ అనే పద్ధతిలో మాట్లాడటం, అదయ్యే పని కాదు. అందుకే రోటేటర్.

దొరికింది యాసు జీ-5500, సెకండ్ హ్యాండ్. రేడియో మానేసిన ఒక పెద్దాయన దగ్గర కంట్రోలర్, పాత కేబుల్‌తో కలిపి 38,000కి తీసుకున్నా. ఇది అజిముత్‌లో 450 డిగ్రీలు తిరుగుతుంది, అంటే ఒక పూర్తి రౌండ్ మీద ఇంకో 90, ఎలివేషన్‌లో 180. మెట్ల గది పైన మూడు మీటర్ల జీఐ పైపు, దాని మీద రోటేటర్, అడ్డంగా పెట్టిన ఫైబర్ గ్లాస్ క్రాస్ బూమ్‌కి ఒక చివర 2 మీటర్ల బ్యాండ్ యాగీ, రెండో చివర 70 సెంటీమీటర్ల బ్యాండ్ యాగీ (ఇవి తరంగదైర్ఘ్యాలు, యాంటెన్నా పొడవులు కావు). క్రాస్ బూమ్ ఇనుప పైపు పెట్టొద్దు, యాంటెన్నాల మధ్యలో లోహం ఉంటే ప్యాటర్న్ (యాంటెన్నా ఏ వైపు ఎంత వింటుందన్నది) చెడిపోతుంది. జూలై మొదటి వారానికి అంతా పైకెక్కింది, చేత్తో స్విచ్ నొక్కితే తిరిగింది, ఆ రోజు మా ఇంట్లో అందరూ మేడెక్కి చూశారు.

జూలై మూడో వారంలో రెండ్రోజులు ముసురు పట్టింది. తెరిపి ఇచ్చాక స్విచ్ వేస్తే అజిముత్ మీటర్ ముల్లు కొట్టుకుంటోంది. యాంటెన్నా నిలబడే ఉంది, ముల్లు మాత్రం 120 దగ్గర నుంచి 200కి ఎగిరి మళ్ళీ వెనక్కి. ఎలివేషన్ ముల్లు నిక్షేపంలా ఉంది. గుండె ఝల్లుమంది, ఎందుకంటే లోపలి పాట్ (రోటేటర్ తిరిగేకొద్దీ రెసిస్టెన్స్ మారే పొటెన్షియోమీటర్, దిక్కు తెలిసేది దీని వల్లే) పోయిందంటే మొత్తం కిందకి దింపాలి, విప్పాలి, ఆ పార్ట్ ఇక్కడ దొరకదు.

నాకు మొదట్నుంచీ నేర్పిన ఒక సీనియర్ గారికి ఫోన్ చేశా. "బాబూ, కంట్రోలర్ విప్పకు. ముందు ఓములు చూడు. కింద నుంచి చూడు, పైకెక్కి చూడు, రెండూ పోల్చుకో" అన్నారు. ఆయన చెప్పినట్టే కంట్రోలర్ నుంచి కేబుల్ తీసేసి మల్టీమీటర్ పెట్టా. లోపల ఉండే పాట్ రెండు చివరల మధ్య సుమారు 500 ఓములు రావాలి. కింద నుంచి చూస్తే ఒకసారి 520, కేబుల్ కదిలిస్తే 900, ఇంకోసారి 2 కిలో ఓములు, స్థిరం లేదు. పైకెక్కి రోటేటర్ దగ్గరే చూస్తే నిలకడగా 500 దగ్గర. అంటే పాట్ బాగానే ఉంది, జబ్బు మధ్యలో ఉంది. మధ్యలో ఉన్నది ఒకటే, పిట్టగోడ దగ్గర పాత కేబుల్‌కి ఉన్న జాయింట్ బాక్స్. మూత తీస్తే అడుగున నీళ్ళు, కనెక్టర్ స్ట్రిప్ స్క్రూల చుట్టూ పచ్చగా చిలుము, ఒక వైరు పట్టుకోగానే పొడిపొడిగా రాలిపోయింది. అంత భయపడినదానికి కారణం అదే.

బాక్స్ మార్చడం కాదు, జాయింటే లేకుండా చేద్దాం అనుకున్నా. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఆరు కోర్ల కేబుల్ రెండు లైన్లకి కలిపి యాభై మీటర్లు తీసుకున్నా, మీటరు 68 చొప్పున 3,400 అయింది. ఇక్కడ ఒక ఆశ్చర్యం. షాపులో ఆరు కోర్ల కేబుల్ అంటే సీసీటీవీ, అలారం వాళ్ళు వాడే సన్న వైరు ఇస్తారు, అది పాట్‌కి సరిపోతుంది గానీ మోటార్‌కి పనికిరాదు, దూరం ఉంటే వోల్టేజ్ పడిపోయి మోటార్ నీరసంగా తిరుగుతుంది. అడిగి మరీ మందం కోర్లది తీసుకోండి. ఆ మందం స్టాక్ లేదని పది రోజులు ఆపారు. పైన కనెక్షన్ దగ్గర హీట్ ష్రింక్, దాని మీద రబ్బరులా అతుక్కుపోయే సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేప్, కేబుల్ కిందకి ఒక వంపు తిరిగి మళ్ళీ పైకి వచ్చేట్టు కట్టా, నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. ఆగస్టు మొదటి వారానికి ముల్లు ఎగరడం పూర్తిగా ఆగిపోయింది.

తర్వాత కంప్యూటర్‌తో తిప్పడం. కంట్రోలర్ వెనకాల ఎనిమిది పిన్నుల డిన్ సాకెట్ ఉంటుంది. 6వ పిన్ను మీద అజిముత్ వోల్టేజ్, 1వ పిన్ను మీద ఎలివేషన్ వోల్టేజ్, 8వది గ్రౌండ్. 2, 4 పిన్నులు గ్రౌండ్‌కి కలిపితే కుడి ఎడమలు, 3, 5 కలిపితే పైకి కిందకి. ఇంతే, పెద్ద రహస్యం ఏమీ లేదు. కంపెనీ ఇంటర్‌ఫేస్ ధర చూసి ఆగిపోయి, ఆర్డినో (చిన్న ప్రోగ్రామబుల్ బోర్డు) మీద కే3ఎన్‌జీ అనే ఓపెన్ సోర్స్ కోడ్ వేసుకున్నా. అది కంప్యూటర్‌కి యాసు వాళ్ళ ఇంటర్‌ఫేస్ జీఎస్-232 లాగానే కనిపిస్తుంది కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ అయినా మాట్లాడుతుంది. ఆర్డినో, రిలే బోర్డు, డిన్ ప్లగ్, డబ్బా అన్నీ కలిపి కోఠి గుజరాతీ గల్లీలో 1,150 అయ్యాయి. ఎనిమిది పిన్నుల డిన్ ప్లగ్గులు రెండు రకాలు, పిన్నుల అమరిక తేడా ఉంటుంది, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. సాకెట్ ఫోటో తీసుకుని వెళ్ళండి.

క్యాలిబ్రేషన్ వరస ఇది. ముందు చేత్తో స్విచ్ నొక్కి అజిముత్‌ని ఎడమ చివరిదాకా తిప్పాలి, ముల్లు సున్నా దగ్గర ఉందో లేదో చూడాలి. తర్వాత కుడి చివరిదాకా, అంటే 450కి తిప్పి, వెనకాల ఫుల్ స్కేల్ అని ఉన్న చిన్న స్క్రూతో ముల్లుని చివరి గీత మీదకి తేవాలి. అక్కడే ఉంచి 6వ పిన్ను మీద మీటర్ పెట్టి, అవుట్ వోల్ట్స్ అని ఉన్న స్క్రూతో 4.5 వోల్టులు వచ్చేట్టు చెయ్యాలి. ఎలివేషన్‌కీ ఇలాగే, 180 దగ్గర. ఈ స్క్రూలు మీటర్‌కి వేరు, బయటికి వెళ్ళే వోల్టేజ్‌కి వేరు, ఒకటి తిప్పితే రెండోది సరి అవదు. చాలామంది ముల్లు సరి చేసి అక్కడితో ఆపేస్తారు, కంప్యూటర్ చూసేది ముల్లుని కాదు వోల్టుని. ఆ తర్వాతే ఆర్డినోకి ఈ చివర ఇంత, ఆ చివర ఇంత అని నేర్పించాలి. కోడ్‌లో దానికి కమాండ్లు ఉన్నాయి, ఎడమ చివర దగ్గర ఒకటి, కుడి చివర దగ్గర ఒకటి, ఎలివేషన్‌కి మళ్ళీ రెండు. లెక్క ప్రకారం ఆర్డినో 5 వోల్టుల్ని 1024 భాగాలు చేస్తుంది, 4.5 వోల్టులకి 921 భాగాలు, 450 డిగ్రీలకి 921 అంటే ఒక్కో భాగం దాదాపు అర డిగ్రీ. మనకి అంతకన్నా అక్కర్లేదు. మా 70 సెంటీమీటర్ల యాగీ బీమ్ (అది బాగా వినే మేర) నలభై డిగ్రీల దాకా వెడల్పు ఉంటుంది, అయిదు డిగ్రీల లోపు తేడాని చెవి పట్టలేదు. ఒక్క డిగ్రీ కోసం నెలలు పెట్టకండి.

అసలు కష్టం ఉత్తరం ఎక్కడుందో తేల్చుకోవడం. ఫోన్ కంపాస్ జీఐ పైపు పక్కన ఒకటి చూపించింది, రెండడుగులు జరిగితే ఇంకోటి, పిట్టగోడ మీద పెడితే మరొకటి, స్లాబ్‌లో ఊచలు ఉంటాయి కదా. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా మన దగ్గర ఒక డిగ్రీ లోపే, దాని గురించి దిగులే లేదు, ఇనుముతోనే దిగులు. సూర్యుణ్ణి నమ్ముకుందామంటే ఆగస్టు అంతా మబ్బులే. పైగా ఆగస్టు 3 ప్రాంతంలో హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, మే 9 ప్రాంతంలో కూడా అంతే, ఆ రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడితో అజిముత్ చూడటం కుదరదు, నిమిషాల్లో తూర్పు నుంచి పడమరకి మారిపోతుంది. ఎప్పుడైనా సరే ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత చూడండి.

ఆ మబ్బుల్లో నాకు అక్కరకొచ్చింది ధ్రువ నక్షత్రం. సెప్టెంబర్ రెండో వారంలో వాన కడిగేసిన ఒక రాత్రి ఉత్తరాన ఆకాశం తేటగా ఉంది. ధ్రువ నక్షత్రం ఎత్తు మన అక్షాంశం ఎంతో దాదాపు అంతే, హైదరాబాద్‌లో పదిహేడు డిగ్రీల పైన, అంటే చాలా కిందకి, అపార్ట్‌మెంట్లు అడ్డం లేకపోతేనే కనిపిస్తుంది. అసలు ఉత్తరానికి ముప్పావు డిగ్రీ లోపే ఉంటుంది కాబట్టి మన పనికి అదే ఉత్తరం. ఎలివేషన్ పదిహేడుకి లేపి, బూమ్ వెనకాల నిచ్చెన ఎక్కి, ఒక కన్ను మూసి బూమ్ వెంబడి చూస్తూ, మాస్ట్ (నిలువు పైపు) క్లాంప్ వదులు చేసి చేత్తో కొంచెం కొంచెం తిప్పి, నక్షత్రం బూమ్ కొన మీద కూర్చున్నాక బిగించా. మర్నాడు మ్యాప్‌లో మా ఇంటి నుంచి మౌలాలి గుట్టకి గీత గీసి వచ్చిన బేరింగ్ (ఉత్తరం నుంచి డిగ్రీల్లో దిక్కు) కంప్యూటర్‌లో కొట్టి చూస్తే బూమ్ నేరుగా గుట్ట మీదకే చూసింది. రెండు సాక్ష్యాలు కలిశాయి, నాకు పండగే.

వారానికే ఈదురు గాలి వచ్చింది. గుట్ట బేరింగ్ కొడితే బూమ్ గుట్టకి ఎడమగా చూస్తోంది, పన్నెండు డిగ్రీల దాకా. ఉత్తరం కొట్టినా అంతే ఎడమ, తూర్పు కొట్టినా అంతే. ఎటు తిప్పినా ఒకటే తేడా అంటే వోల్టులకి సంబంధం లేదు, ఎక్కడో ఇనుము జారింది. క్లాంప్‌లో మాస్ట్ పైపు తిరిగిపోయింది, పైపు మీద తళతళలాడే గీతలు పడి ఉన్నాయి, అదే గుర్తు. మా వీధి చివర లేత్ షాపు ఆయన వచ్చి చూసి "అన్నా, గిట్ల ఎంత బిగిచ్చినా గాలికి తిరుగుతనే ఉంటది, ఆర్‌పార్ బోల్ట్ ఎయ్యాలె" అన్నాడు. క్లాంప్, పైపు రెండింటికీ కలిపి డ్రిల్ వేసి స్టెయిన్‌లెస్ బోల్ట్ ఎక్కించాడు, 450 తీసుకున్నాడు. ఉత్తరం సరిచూసుకున్నాకే డ్రిల్ వెయ్యమనండి, బోల్ట్ పడ్డాక మళ్ళీ జరపడం ఉండదు.

దసరా దాటాక ఎండలు వచ్చాయి. సూర్యుడితో సరిచూసుకోడానికి నేను చేసింది చెప్తా, చాలా బాగా పనిచేసింది. కరెంటు వైరింగ్‌కి వాడే 20 ఎంఎం పీవీసీ పైపు ఒక అడుగు ముక్క, దాన్ని యాగీ బూమ్‌కి సమాంతరంగా జిప్ టైలతో కట్టా. పైపు వెనక చివర దగ్గర అట్ట మీద తెల్ల కాయితం పట్టుకోవాలి. బూమ్ సరిగ్గా సూర్యుణ్ణి చూస్తే కాయితం మీద గుండ్రంగా పైపు నీడ, దాని మధ్యలో తెల్లటి చుక్క పడుతుంది. మూడు నాలుగు డిగ్రీలు పక్కకి పోతే చుక్క మాయమై ఒక పక్కకి సాగిన నీడ మాత్రమే ఉంటుంది. పైపులోంచి కంటితో చూడకండి, ఎప్పుడూ కాయితమే. సూర్యుడు ఆ నిమిషంలో ఎక్కడున్నాడో స్టెల్లేరియం అనే ఆకాశ పటం సాఫ్ట్‌వేర్‌లో అజిముత్, ఆల్టిట్యూడ్ (ఎత్తు) చూసి అవే అంకెలు రోటేటర్‌కి ఇవ్వడం. నేను ల్యాప్‌టాప్‌తో మేడ మీద కూర్చుంటే మా అమ్మాయి కాయితం పట్టుకుంది. ఉదయం చుక్క మధ్యలో పడింది, సాయంత్రం నాలుగున్నరకీ మధ్యలోనే పడింది. "నాన్నా, గుండ్రంగా వచ్చింది, కదలకు" అని అరిచింది, నేను కదిలితే ఏమవుతుందని దాని ఉద్దేశమో గానీ ఇద్దరం అలాగే ఉండిపోయాం.

అయితే పర్మనెంట్‌గా తిప్పాల్సింది ల్యాప్‌టాప్ కాదు, కింద గదిలో ఉన్న మినీ పీసీ. ఆర్డినోని దానికి యూఎస్‌బీ హబ్ ద్వారా కలిపి, నమ్మకం కోసం మర్నాడు ఉదయం మళ్ళీ కాయితం పెట్టాం. చుక్క లేదు. ఆరు డిగ్రీల దాకా వెనకబడి ఉంది. మాస్ట్ మళ్ళీ జారిందా అని బోల్ట్ చూస్తే రాయిలా ఉంది. సాయంత్రం చూస్తే తేడా ఆరు కాదు, పదిహేను పైనే. మా అమ్మాయికి కాయితం మీద నీడ తప్ప ఏమీ కనపడట్లేదు, "ఎటు జరిగింది తల్లీ" అంటే "అసలు వెలుగే లేదు నాన్నా" అంటోంది. తూర్పున ఆరు, పడమర పదిహేను. తిప్పేకొద్దీ పెరుగుతోంది.

అప్పుడు ఆర్డినో మీద 5 వోల్టుల పిన్ను దగ్గర మీటర్ పెట్టా. 4.71. ల్యాప్‌టాప్‌కి పెట్టి చూస్తే 5.02. మొత్తం అక్కడ ఉంది. ఆర్డినో బయటి వోల్టేజ్‌ని తన సొంత 5 వోల్టులతో పోల్చి కొలుస్తుంది. హబ్ నుంచి దానికి 4.71 మాత్రమే వస్తుంటే, పైన పాట్ నుంచి వచ్చే అదే 2.7 వోల్టులు, అంటే సరిగ్గా పడమర, దానికి 288 డిగ్రీల్లా కనిపిస్తాయి. మనం 270కి వెళ్ళమంటే 253 దగ్గరే ఆగిపోయి వచ్చేశాను అంటుంది. సున్నా దగ్గర తేడా ఉండదు, ముందుకెళ్ళేకొద్దీ పెరుగుతుంది. రోటేటర్ తప్పు కాదు, కోడ్ తప్పు కాదు, కొలబద్దే కుంచించుకుపోయింది.

దీనికి మందు చాలా చవక. ఆర్డినోకి పక్కన ఉండే గుండ్రటి సాకెట్‌లో 9 వోల్టుల అడాప్టర్ పెడితే బోర్డు మీద రెగ్యులేటరే 5 వోల్టులు ఇస్తుంది, అప్పుడు యూఎస్‌బీ డేటాకి మాత్రమే. అడాప్టర్ 180. మళ్ళీ రెండు చివరలూ నేర్పించి, ల్యాప్‌టాప్‌కి ఒకసారి, హబ్‌కి ఒకసారి పెట్టి చూశా, అంకె మారలేదు. ఎవరి రోటేటర్ గురించైనా నన్ను అడిగితే ఇప్పుడు మొదట అడిగేది ఆ 5 వోల్టులు ఎంతున్నాయనే.

ట్రాన్స్‌మిట్ చేస్తే ఇంకోటి బయటపడింది. 145 మెగాహెర్ట్జ్ మీద పీటీటీ (మాట్లాడటానికి నొక్కే బటన్) నొక్కగానే స్క్రీన్ మీద అజిముత్ 140 నుంచి 165కి దూకుతోంది, వదలగానే మామూలే. ఆర్ఎఫ్ (మన ట్రాన్స్‌మిటర్ రేడియో శక్తి) కంట్రోల్ కేబుల్ వెంట వచ్చి కొలతలో దూరుతోంది. ఇది ప్రమాదం, ఎందుకంటే ఆ తప్పు అంకెని నమ్మి ఆర్డినో నిజంగానే యాంటెన్నాని వెనక్కి తిప్పేస్తుంది, మనం మాట్లాడుతున్నంతసేపూ తిప్పుతూనే ఉంటుంది. కంట్రోల్ కేబుల్‌ని కోయాక్స్‌తో (యాంటెన్నా కేబుల్‌తో) కలిపి కట్ట కట్టి ఉంది, రెండూ విడదీశా. డిన్ ప్లగ్ దగ్గర వోల్టేజ్ పిన్నులకీ గ్రౌండ్‌కీ మధ్య 0.01 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్లు, కేబుల్ మీద ఆర్ఎఫ్‌ని ఆపే క్లిప్ ఆన్ ఫెర్రైట్లు పెట్టా. కెపాసిటర్లు కొన్ని రూపాయలే, మంచి ఫెర్రైట్లకి మాత్రం ఆన్‌లైన్‌లో ఆర్డర్ ఇచ్చి రెండు వారాలు ఆగాల్సి వచ్చింది, 900 అయింది.

ఎలివేషన్ తేలిగ్గా అయిపోయింది. వడ్రంగులు వాడే డిజిటల్ యాంగిల్ గేజ్ బూమ్ మీద కట్టి సున్నా, 45, 90, 135, 180 దగ్గర చూశా. చివర్లు సరిగ్గా ఉన్నాయి, మధ్యలో 90 అంటే 87కే ఆగుతోంది, కోడ్‌లో కరెక్షన్ టేబుల్ ఉంది, అందులో వేశా.

సాఫ్ట్‌వేర్ వైపు శాటిలైట్ ఎక్కడుందో లెక్కగట్టే జీప్రెడిక్ట్, ఆ అంకెల్ని రోటేటర్‌కి అందించడానికి హామ్‌లిబ్‌లో రోట్‌సీటీఎల్‌డీ. జీఎస్-232బీ మోడల్ నంబర్ 603, జీప్రెడిక్ట్ దాన్ని 4533 పోర్ట్ మీద వెతుక్కుంటుంది. కనెక్ట్ కొట్టిన మొదటిసారి ఎర్రర్ వచ్చి రెండోసారి పనిచేస్తోందంటే కంగారు పడకండి, సీరియల్ పోర్ట్ తెరవగానే ఆర్డినో రీసెట్ అయి లేవడానికి రెండు సెకన్లు తీసుకుంటుంది. రీసెట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 10 మైక్రోఫారడ్ పెడితే ఆగిపోతుంది, కోడ్ మళ్ళీ ఎక్కించేటప్పుడు మాత్రం అది తీసెయ్యాలి. టాలరెన్స్ (ఎంత తేడా వస్తే మోటార్ కదలాలన్నది) 5 డిగ్రీలు పెట్టుకున్నా, ఒకటి పెడితే రిలేలు ఆగకుండా టకటకమంటూ మోటార్‌ని చంపేస్తాయి.

కంప్యూటర్ గడియారం కూడా క్యాలిబ్రేషన్‌లో భాగమే అని చాలామంది అనుకోరు. ఐఎస్ఎస్ నెత్తి మీదుగా వెళ్ళేటప్పుడు సెకనుకి ఒక డిగ్రీ జరుగుతుంది, గడియారం పది సెకన్లు తప్పితే అప్పుడు పది డిగ్రీలు తప్పినట్టే. మినీ పీసీ బ్యాటరీ పోయి ఉంది, 60 రూపాయల సెల్ వేసి, టైమ్ సింక్ ఆన్ చేశా. టీఎల్ఈలు (శాటిలైట్ కక్ష్య వివరాల అంకెలు) కూడా తాజావి పెట్టుకోండి.

ఇంకో విషయం, కొన్ని తప్పులు తప్పులు కావు. నెత్తి మీద పాస్‌లో అజిముత్ కొన్ని సెకన్లలో సగం చుట్టు తిరగాలి, మన 50 హెర్ట్జ్ కరెంటు మీద ఈ మోటార్‌కి పూర్తి రౌండ్‌కి నిమిషం పైనే పడుతుంది, వెనకబడుతుంది, దాన్ని ఏ క్యాలిబ్రేషనూ సరి చెయ్యదు. అలాగే ఉత్తరం దాటే పాస్‌లు. శాటిలైట్ 350 నుంచి 10కి వెళ్తుంటే 370 దాకా తిరిగే వీలుంది కాబట్టి సాఫీగా పోతుంది. 10 నుంచి 350కి వెనక్కి వెళ్ళే పాస్‌లో మాత్రం సున్నా దగ్గర స్టాపర్ తగిలి మొత్తం చుట్టు తిరిగి రావాలి, పాస్‌లో మంచి నిమిషం అక్కడే పోతుంది. అలాంటి పాస్‌కి ముందే చేత్తో 370 దగ్గర పెట్టి ఉంచుతా. కోయాక్స్‌కి 450 డిగ్రీలకి సరిపడా వదులు ఉందో లేదో ఇలా తిప్పేటప్పుడే తెలుస్తుంది, మొదటిసారి పక్కన నిలబడి చూడండి.

ఇండోనేషియా వాళ్ళ ఐవో-86 శాటిలైట్ ఆన్‌లో ఉన్న రోజు దొరికితే అజిముత్ చూసుకోడానికి చాలా బాగుంటుంది. అది కూడా 2015లో శ్రీహరికోట నుంచే వెళ్ళింది, భూమధ్యరేఖకి ఆరు డిగ్రీల వంపులో తిరుగుతుంది కాబట్టి హైదరాబాద్‌కి ఎప్పుడూ దక్షిణాన సుమారు ఇరవై డిగ్రీల లోపు ఎత్తులోనే, పడమర నుంచి తూర్పుకి పోతుంది. ఎలివేషన్ గొడవ లేకుండా ఒక్క అజిముత్ మీద దృష్టి పెట్టొచ్చు.

అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను వానలకి నేను నిద్రపోలేదు. ఆగాక వెళ్ళి కింద నుంచి ఓములు చూశా, 500 దగ్గర కదలకుండా ఉంది. ఆ అంకె చూశాక కలిగిన నిశ్చింత ఇంత అంత కాదు.

నవంబర్ రెండో వారంలో ఆర్ఎస్-44 మీద చివరి పరీక్ష. దాని బీకన్ (ఎప్పుడూ పంపుతుండే గుర్తు సిగ్నల్) 435.605 మెగాహెర్ట్జ్, సీడబ్ల్యూ, అంటే మోర్స్. పాస్ మధ్యలో ట్రాకింగ్ ఆపి ఎడమకి ఇరవై డిగ్రీలు, మళ్ళీ ట్రాకింగ్, తర్వాత కుడికి ఇరవై. రెండు వైపులా ఎస్ మీటర్ (సిగ్నల్ బలం చూపేది) ఒకేలా పడితే యాంటెన్నా నిజంగా శాటిలైట్ మీదే ఉన్నట్టు. ఒక్కసారికి నమ్మకండి, సిగ్నల్ దానంతటదే పడుతూ లేస్తూ ఉంటుంది, వేరు వేరు పాస్‌ల్లో చూడండి. మాకు తూర్పునా పడమరా రెండు చోట్లా సమానంగానే పడింది. ఆ వారమే థాయ్‌లాండ్ స్టేషన్ ఒకటి లాగ్‌లోకి వచ్చింది, రెండు చేతులూ రేడియో మీదే ఉన్నాయి, యాంటెన్నా సంగతి ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

రోటేటర్ కాకుండా నాకు అయిన ఖర్చు ఆరున్నర వేల దగ్గర, అందులో సగం పైన కేబులే. ఎక్కువ పట్టింది ఎదురుచూపుకి, కేబుల్ స్టాక్, మబ్బులు, ఫెర్రైట్లు. ఇంకా ఒక పని మిగిలింది, ఎలివేషన్ గేర్‌లో రెండు డిగ్రీల ఆట ఉంది, గాలికి యాంటెన్నాలు తలూపుతాయి. అది దింపి విప్పాల్సిన పని, వచ్చే ఎండాకాలం చూస్తా. వానలకి ముందు పైన కనెక్షన్ టేప్ విప్పి చూడటం మే నెలకి క్యాలెండర్‌లో రాసుకున్నా. క్యాలిబ్రేషన్ అంకెలన్నీ, 4.5 వోల్టులు, 500 ఓములు, మౌలాలి గుట్ట బేరింగ్‌తో సహా, ఒక కాయితం మీద రాసి కంట్రోలర్ డబ్బా లోపల అంటించా.